ఖాళీ గొట్టం మోత

మెర్విన్ టాల్బట్ అబద్ధాలాడే మనిషి కాదు. ఎల్డన్‌ఫోర్డ్‌లో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. బొత్తాల దగ్గర కూడా ఆడడు. 1815 నాటి సిపాయి కోటుకి ప్లాస్టిక్ బొత్తాలు కుట్టుకొచ్చిన పెద్దమనిషిని నిలబెట్టి, తగరపు బొత్తాలు కుట్టుకుని మరీ రమ్మని ఇంటికి పంపించిన ఘనుడు. అలాంటి మెర్విన్ రెండేళ్ళుగా, నెలకు రెండు ఆదివారాలు, కంపెనీ అంతటి ఎదుటా వినపడనిది వినపడినట్టు నటిస్తున్నాడు.

ఎల్డన్‌ఫోర్డ్ కంపెనీ అంటే నిజం దండేం కాదు. రెండు వందల ఏళ్ళ కింద ఖైదీలకు కాపలాగా టాస్మేనియాకు వచ్చిన ఎర్రకోటు సిపాయిల వేషం కట్టి, వాళ్ళ కవాతే చేసి, వాళ్ళలాగే చెకుముకి తుపాకులు పేల్చే ఊరివాళ్ళ గుంపు. అందులో ఒక కసాయి, ఒక నర్సు, ఇద్దరు టీచర్లు, గొర్రెల ఉన్ని కత్తిరించే అన్నదమ్ములు, ఇలా కలిపి పద్నాలుగు తుపాకులు. కెప్టెన్ రోస్లిన్ వారమంతా స్కూలు బస్సు నడుపుతుంది. మెర్విన్ సార్జెంట్. ఇరవై ఆరేళ్ళుగా అతనే సార్జెంట్. తుపాకుల్లో గుండు వేయరు, మందు మాత్రమే పోస్తారు. అయినా మందు మందే, దానికి వేషమని తెలియదు.

అందుకే ఆట ముందూ ఆట తర్వాతా తనిఖీ ఉంటుంది. ప్రతివాడూ తుపాకీ నిలబెట్టి, దాని కింద ఉండే ఇనుప ఊచను తీసి, గొట్టంలోకి జారవిడుస్తాడు. గొట్టం ఖాళీగా ఉంటే ఊచ అడుగున తగిలి ఖంగుమని మోగుతుంది. లోపల పేలని మందు ఉంటే దబ్బుమని ఊరుకుంటుంది. సార్జెంట్ ఒక్కొక్కరి ముందూ ఆగి, ఆ మోత విని, తల ఊపి ముందుకు పోవాలి. చివరికి తన ఊచను తనే జార్చుకుంటాడు. అప్పుడు కంపెనీ మొత్తం ఊపిరి బిగబట్టి వింటుంది. సార్జెంట్ "ఖాళీ" అని కేక పెడతాడు, అందరూ టోపీలు తీసి ఊపుతారు, ఆ పూటకి దండు చెదిరిపోతుంది. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. మెర్విన్ పెట్టిందే.

ఆ మోతంటే అతనికి ప్రాణం. మిగతావాళ్ళ తుపాకుల దగ్గర కళ్ళు తెరిచి ఉంచేవాడు గానీ, తన వంతు వచ్చేసరికి కళ్ళు మూసుకునేవాడు. గుడి గంట విన్నవాడిలా ఉంటాడని గార్త్ వెక్కిరించేవాడు. గార్త్ ఆ ఊరి కసాయి. పద్నాలుగేళ్ళుగా వరసలో మెర్విన్‌కి ఎడం పక్కన నిలబడేవాడు. చెకుముకి తుపాకీకి నిప్పు కుడివైపు నుంచి చిమ్ముతుంది గనుక, గార్త్ పేల్చినప్పుడల్లా ఆ మంటా ఆ చప్పుడూ తిన్నగా మెర్విన్ ఎడం చెవికే తగిలేవి. చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకోమని అందరూ చెప్పారు. అప్పటి సిపాయిలు పెట్టుకున్నారా అని మెర్విన్ ఎదురడిగాడు. అంత పట్టుదల ఉన్నవాడి చెవులు ఎంతకాలం ఉంటాయి? ముందు ఎడమది పోయింది, తర్వాత కుడిది దాని వెంటే వెళ్ళింది.

మెర్విన్ పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళు గొర్రెల పొలాలకు కంచెలు వేసి బతికాడు. అది ఒంటరి పనే, కానీ ఆ ఒంటరితనం వేరు. సాయంత్రం పబ్‌కి వెళ్తే నలుగురు పలకరించేవాళ్ళు. ఇప్పుడు పబ్‌లో మాటలన్నీ ముద్దగా కలిసిపోయి, ఎవరు నవ్వినా తన గురించే నవ్వినట్టు అనిపించి, మానేశాడు. లాన్సెస్టన్‌లో ఉన్న చెల్లెలు ఆదివారం ఫోన్ చేసేది. రెండుసార్లు అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పి, ఆమె ఊరుకోవడం గమనించి, ఫోన్ ఎత్తడమే మానుకున్నాడు. చెవి మిషన్ కొన్నాడు, అది సొరుగులో ఉంది. అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, అసలు సంగతి వేరు. అది చెవిలో కనిపించిన రోజున రోస్లిన్ తనని వరసలోంచి తప్పిస్తుంది.

ఆ వరస ఒక్కటే అతనికి మిగిలింది. అక్కడ చెవిటివాడు లేడు, చెవులున్నవాడూ లేడు. పద్నాలుగు తుపాకులు ఒక్కసారి పేలితే అందరి చెవులూ దిబ్బళ్ళు పడాల్సిందే. డప్పు దెబ్బ అరికాళ్ళలోంచి తెలుస్తుంది. ఆజ్ఞలు ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి, పక్కవాడి మోచెయ్యి కదిలితే చాలు. ఇక తనిఖీ అంటారా, దానికి అతను కళ్ళతో పని కానిచ్చుకున్నాడు. ఖాళీ గొట్టంలో ఊచ దిగితే బొటనవేలి వెడల్పు మాత్రమే పైకి కనిపించాలి. ఎవరి తుపాకీ ఎంతో అతనికి కంఠోపాఠం. చూసేవాడు, చెవి ఒగ్గినట్టు తల వంచేవాడు, ఊపేవాడు. అతని వెనకే రెండడుగుల దూరంలో రోస్లిన్ నడిచేది. కెప్టెన్ కదా, మర్యాదకి వస్తోందనుకున్నాడు.

ఇక తన సొంత తుపాకీ మోత మాత్రం అతనికి నిజంగానే వినిపించేది. లోకంలో ఉన్న చప్పుళ్ళన్నీ పోయినా అదొక్కటి పోలేదు. కళ్ళు మూసుకుని ఊచ వదిలితే ఖంగుమని, శుభ్రంగా, తల లోపల ఉన్న మూల మూలకీ వినిపించేది. అది విన్న తృప్తితో రెండు వారాలు గడిపేసేవాడు.

గార్త్ దగ్గర ఒక పాత వెక్కిరింత ఉండేది. ఆ కాలంలో సార్జెంట్లు తుపాకీ పట్టేవాళ్ళు కాదు. వాళ్ళ చేతిలో తొమ్మిదడుగుల బల్లెం ఉండేది. ఈ సంగతి కంపెనీలో అందరికంటే బాగా తెలిసినవాడు మెర్వినే. బొత్తాల దగ్గర, దారం దగ్గర, బూటు మేకుల దగ్గర అందరి ప్రాణాలూ తోడే మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం తుపాకీ వదలడు. కమ్మరి చేత చేయించిన బల్లెం కంపెనీ హాల్లో గోడ మీద బూజు పట్టి ఉండేది. కంపెనీలో ఉన్న ఒకే ఒక్క తప్పు వేషం సార్జెంట్‌దేనని గార్త్ ప్రతి ఏడూ అనేవాడు. మెర్విన్ వినపడనట్టు ఊరుకునేవాడు. చెవులు బాగున్న రోజుల్లో కూడా ఆ ఒక్క మాట వినపడేది కాదు.

ఈస్టర్ తర్వాతి ఆదివారం ఆట. ఒకప్పుడు సిపాయిలుండిన పాత రాతి బారకాసుల ముందు మైదానంలో తాడు కట్టారు. తాడు అవతల జనం బ్రెడ్‌లో సాసేజ్ చుట్టుకుని తింటూ నిలబడ్డారు. పొద్దుటి మంచు ఇంకా విడలేదు, గడ్డి తడిగా ఉంది. ఇలాంటి పూట తుపాకీ మందు మొండికేస్తుంది. తుపాకీ పైనుండే చిన్న చిప్పలో వేసిన చిటికెడు మందు భగ్గుమంటుంది, లోపలికి నిప్పు వెళ్ళే సన్నటి రంధ్రం తేమకీ మసికీ పూడుకుపోయి, గొట్టంలో పోసిన అసలు మందు అంటుకోదు. అది జరిగినప్పుడు ఆ తుపాకీ మళ్ళీ నింపకూడదు. నిటారుగా పట్టుకుని ఆట అయ్యేదాకా బొమ్మలా నిలబడాలి. ఈ నియమం కొత్తవాళ్ళకు నేర్పేది కూడా మెర్వినే.

అయిదు వరస పేలుళ్ళు. మొదటి రెండూ బాగానే పేలాయి. మూడోసారి మెర్విన్ చిప్పలో మంట చూశాడు, ముఖానికి పొగ తగిలింది, మిగతా తుపాకులన్నీ కలిసి పేలిన అదురు అతని రొమ్ములోకి వచ్చింది. తనదీ పేలిందనుకున్నాడు. భుజం మీద అదురు కొంచెం తేలిగ్గా అనిపించింది గానీ, మందు తక్కువ పోసి ఉంటాననుకున్నాడు. కాగితపు పొట్లం పంటితో చింపి మళ్ళీ నింపాడు. నాలుగోసారీ అంతే, అయిదోసారీ అంతే.

తనిఖీ మొదలైంది. ఒకటో తుపాకీ, రెండో తుపాకీ, బొటనవేలి వెడల్పు, తల ఊపడం. గార్త్ తుపాకీ దగ్గర ఎప్పటిలాగే గార్త్ కన్ను కొట్టాడు. చివరికి మెర్విన్ తన చోటికి వచ్చి నిలబడ్డాడు. తుపాకీ నిలబెట్టి, ఊచ తీసి, కళ్ళు మూసుకుని వదిలాడు.

ఖంగుమంది. ఎప్పటికంటే బాగా మోగింది.

"ఖాళీ!" అని కేక పెట్టాడు.

కళ్ళు తెరిచేసరికి ఒక్క టోపీ లేవలేదు. తాడు అవతల జనం చప్పట్లు కొడుతున్నారు, వాళ్ళకేం తెలుసు. కంపెనీ మాత్రం అతని తుపాకీ వైపు చూస్తోంది. నర్సు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మెర్విన్ కిందికి చూశాడు. ఊచ గొట్టంలోంచి నాలుగు వేళ్ళ పైగా పొడుచుకొచ్చి ఉంది.

మూడు మోతాదుల మందు. అయిదోసారి నిప్పురవ్వ లోపలికి దిగి ఉంటే గొట్టం పగిలేది. పగిలితే ఆ ముక్కలు ముందు ఎవరి మొహంలోకి వెళ్ళేవో చూడటానికి అతను తల తిప్పనక్కర్లేదు, గార్త్ మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. కానీ, చెప్పుకోవడానికి సిగ్గు గానీ, అతన్ని అంతకంటే ఎక్కువ కోసింది మరొకటి. ఇప్పుడు తను విన్న ఆ మోత ఎక్కడిది?

రోస్లిన్ గొంతు పెంచకుండా కంపెనీని బారకాసుల వెనక్కి పంపించింది. మెర్విన్‌ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. పేలని మందు తియ్యాలంటే గొట్టంలో నీళ్ళు పొయ్యాలి. అతనే పోశాడు, అతనే కుమ్మరించాడు. నల్లటి బురద గడ్డి మీద పడింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ పడింది. గార్త్ వచ్చి పక్కన నిలబడ్డాడు, ఈసారి వెక్కిరించలేదు.

రోస్లిన్ అతని ఎదురుగా వచ్చి, పెదాలు బాగా కదిలిస్తూ మాట్లాడింది. బస్సులో పిల్లలతో మాట్లాడి మాట్లాడి ఆమెకి అలా అలవాటైందని అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"మెర్విన్, నీకు వినపడదని మాకు తెలుసు."

ఎప్పటి నుంచని అడిగాడు.

"రెండేళ్ళయింది. నీ వెనకాల నేను నడిచేది అందుకే. నువ్వు చూసేవాడివి, నేను వినేదాన్ని. అలా సరిపోతుందనుకున్నాను."

అంటే ఇన్నాళ్ళూ తను చేసిన తనిఖీ తనిఖీ కాదు. పెద్దాయన సరదాపడుతున్నాడని అందరూ కలిసి ఆడనిచ్చిన ఆట. వేషంలో మరో వేషం. అతనికి కోపం ముంచుకొచ్చింది. చిన్నపిల్లాడినా నేను, నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదా అని అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడో అతనికి తెలియదు, అవతల సాసేజ్ తింటున్నవాళ్ళు తిరిగి చూశారు.

"చెబితే రావడం మానేస్తావు," అంది రోస్లిన్. "మానేసి ఎక్కడికెళ్తావు?"

గార్త్ ఏదో అన్నాడు. మెర్విన్‌కి అందలేదు. గార్త్ అతని ముందుకొచ్చి మళ్ళీ అన్నాడు.

"పద్నాలుగేళ్ళు నీ చెవి పక్కనే పేల్చాను. ఆ చెవి పోగొట్టింది నేనేనయ్యా."

పోగొట్టుకున్నది తనేనని, ఎవరూ బలవంతం చెయ్యలేదని మెర్విన్ అన్నాడు. తర్వాత ఆ మోత గురించి చెప్పాలనుకున్నాడు. దబ్బుమన్నది నాకు ఖంగుమని వినిపించిందర్రా, రెండేళ్ళుగా నేను వింటున్నది తుపాకీని కాదు, నా బుర్రనే వింటున్నాను అని చెప్పాలనుకున్నాడు. ఎలా చెబుతాం అలాంటిది? తుపాకీ తుడిచి రోస్లిన్ చేతిలో పెట్టాడు. ఆమె వద్దనలేదు. వద్దంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మూడు వారాలు గడిచాయి. రెండు ఆదివారాల కవాతులు అతను లేకుండానే అయిపోయాయి. ఎర్రకోటు చిలక్కొయ్యకి వేలాడుతూ ఉంది. టీవీలో బొమ్మ కింద వచ్చే అక్షరాలు చదువుకున్నాడు, సూప్ వేడి చేసుకున్నాడు, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఫోన్ ఎప్పుడన్నా వెలిగేది, దాని మొహం అటు తిప్పి పెట్టాడు. ఒకరోజు కళ్ళు మూసుకుని ఊచ జారినట్టు ఊహించుకున్నాడు. ఖంగుమని మోగింది. చేతిలో తుపాకీ లేదు, ఊచ లేదు, అయినా మోగింది. అతనికి భయం వేసింది. ఆ తర్వాత మళ్ళీ అలా చెయ్యలేదు. ఇరవై ఆరేళ్ళు కలిసి నడిచినవాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తలుపు తట్టలేదే అనుకుని కుమిలిపోయాడు. తనతో పని తీరిపోయిందని తేల్చుకున్నాడు.

నాలుగో వారం శనివారం మధ్యాహ్నం కిటికీ అద్దానికి ఏదో అడ్డం వచ్చి గది చీకటైంది. చూస్తే గార్త్. గులాబీ మొక్కలు తొక్కుకుంటూ, దుకాణం ఏప్రన్ విప్పకుండానే, చేతిలో తొమ్మిదడుగుల బల్లెం పట్టుకుని అద్దం మీద కొడుతున్నాడు. ఎదురింటి ఆవిడ తెర తొలగించి నోరు తెరుచుకుని చూస్తోంది. మెర్విన్ గబగబా వెళ్ళి తలుపు తీశాడు.

గార్త్ లోపలికి రాకుండానే మొదలుపెట్టాడు. మెర్విన్ అర్థం కావట్లేదని చెయ్యి ఊపాడు. గార్త్ ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్కొక్క మాటా అతని మొహంలోకి చూస్తూ చెప్పాడు.

"మూడుసార్లు వచ్చాను ముసలాడా. మూడుసార్లూ బెల్లు కొట్టి కొట్టి పోయాను. రోస్లిన్ రెండుసార్లు వచ్చింది. లోపల టీవీ వెలుగుతూనే ఉంది. మా మొహం చూడటం ఇష్టం లేదనుకున్నాం. ఇవాళ బండి నడుపుతుంటే తట్టింది నా మట్టిబుర్రకి."

మెర్విన్ గుమ్మం పట్టుకుని బెల్లు వైపు చూశాడు. అయిదుసార్లు. సూప్ తాగుతూ, అక్షరాలు చదువుకుంటూ, తనకెవరూ లేరని ఏడుస్తూ కూర్చున్న ఇంటికి అయిదుసార్లు మనుషులొచ్చి వెళ్ళారు. వాళ్ళు ఈ గుమ్మంలోనే నిలబడి, ఈ బెల్లు మీదే వేలు పెట్టి, తను తెరవనందుకు నొచ్చుకుని తిరిగిపోయారు.

గార్త్ బల్లెం ముందుకు చాచాడు. అది శుభ్రంగా తోమి, నూనె పెట్టి ఉంది.

"1815లో సార్జెంట్ చేతిలో తుపాకీ ఉండేదా, బల్లెం ఉండేదా? చెప్పు. మా బొత్తాలు పీకించావు కదా."

మెర్విన్ చెయ్యి చాచి బల్లెం అందుకున్నాడు.

"బల్లెమే," అన్నాడు.

జూన్ అంటే అక్కడ చలికాలం, మొదటి ఆదివారం చలి ఎముకలు కొరికేస్తోంది. మెర్విన్ వరస కుడి చివర బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. పొడుగాటి కర్ర, పైన ఇనుప మొన, పేలదు, పొగ రాదు, మోగదు. వేషం అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఒక్క తప్పు కూడా లేదు. పదమూడు తుపాకులు పేలినప్పుడు ఆ అదురు బల్లెం కర్రలోంచి అతని అరచేతికి వచ్చింది. గార్త్ ఈసారి నాలుగడుగుల దూరం జరిగి నిలబడ్డాడు, అలా జరగమని ఎవరు చెప్పారో తెలియదు.

తనిఖీ ఇప్పుడు రోస్లిన్ చేస్తోంది. సార్జెంట్ తర్వాతి హోదా అయిన పెద్ద కార్పొరల్ కనుక, చివరి మోత గార్త్‌ది. గార్త్ ఊచ తీసి గొట్టం మీద పట్టుకుని, ఒకసారి మెర్విన్ వైపు చూసి, వదిలాడు. వరసలో ఉన్నవాళ్ళ తలలన్నీ కొద్దిగా పైకి లేచాయి. వాళ్ళ మొహాల మీద ఏదో తేలిక, దీపం పెట్టినట్టు, ఒకేసారి కనిపించింది. ఇరవై ఆరేళ్ళలో మెర్విన్ ఆ మొహాలు చూడలేదు. ఆ క్షణంలో అతను ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉండేవాడు.

ఇప్పుడు మూసుకున్నా మోగుతుందని అతనికి తెలుసు. ఖంగుమని, శుభ్రంగా, ఎప్పటిలాగే మోగుతుంది. గొట్టంలో ఏమున్నా అలాగే మోగుతుంది. మెర్విన్ కళ్ళు తెరిచే ఉంచాడు. ఎంత చూసినా ఏమీ వినపడలేదు. గార్త్ నోరు తెరుచుకోవడం, అది "ఖాళీ" అన్నట్టు కదలడం చూశాడు. అందరూ టోపీలు తీశాక తనూ తీసి ఊపాడు.